మా తాత మొదటి చావు

మా తాత ఎల్లయ్య రెండుసార్లు పోయాడు. రెండోసారి వయసు మీద పడి, నిద్రలో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు. దానికి ఎవరూ బాధ్యులు కారు. మొదటిసారి మాత్రం పూర్తిగా నా వల్ల పోయాడు. ఒక ఆటో నిండా జనం ఏడ్చారు. ఒక బర్రె మెడలో పూలదండ పడింది. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను. చెప్పేటప్పుడు నన్ను నేను వెనకేసుకు రాను. వచ్చే వీలు కూడా లేదు.

అది రెండువేల పదకొండు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. మా ఊరు ఎల్లారెడ్డికి కొంచెం అవతల. రోజూ బస్సెక్కి కామారెడ్డి వెళ్లి, నా స్నేహితుడు శ్రీకాంత్ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. అందులో నాలుగు కంప్యూటర్లు, మూడు కుర్చీలు ఉండేవి. నెట్టులో వీడియోలు పెడితే, లక్షల మంది చూస్తే, ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ మనకు డబ్బు పంపుతుందని శ్రీకాంత్ కనిపెట్టాడు. "మనకు తక్కువున్నది ఒక్కటేరా, చూసేటోళ్లు" అన్నాడు. మిగతావన్నీ ఉన్నట్టే మాట్లాడేవాడు.

మొదట కోడికూర వండే వీడియో తీశాం. వెలుతురు సరిచేసుకునేలోపు కూర మాడిపోయింది. వీడియోలో వాసన రాదు కదా అని అలాగే పెట్టేశాం. పదకొండుసార్లు చూసినట్టు లెక్క చూపించింది. అందులో తొమ్మిదిసార్లు చూసింది నేనే.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నేను ఎల్లారెడ్డి లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. అలాంటివాళ్లకు వచ్చే ఆలోచనల గురించి మీకు తెలిసే ఉంటుంది. మా అవ్వ పోయినప్పుడు లింగంపేట నుంచి నర్సవ్వ వచ్చి శోకం తీసింది. ఆ గొంతు నేను మర్చిపోలేదు. శోకమంటే ఊరికే ఏడవడం కాదు. పోయినవాళ్లను వరసపెట్టి పిలిచి, వాళ్లు ఏం తినేవాళ్లో, ఎవరికి ఏం పెట్టారో, ఎవరు మాట పడ్డారో, ఎవరు చివరి చూపుకు రాలేదో అన్నీ రాగంలో చెబుతారు. వింటున్న చుట్టాలు అటూ ఇటూ కదులుతూ ఉంటారు, తమ వంతు వస్తుందేమోనని. ఇంత గొప్ప కళ మన దగ్గర ఉంటే మనం మాడిన కోడికూర చూపిస్తున్నామే అనిపించింది.

నర్సవ్వ దగ్గరికి వెళ్లాను. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. సంగతి చెప్పాను.

"ఎవరు పోయిండ్రు?" అంది తల ఎత్తకుండా.

ఎవరూ పోలేదని, ఊరికే వీడియో కోసమని అన్నాను.

"ఊరికే ఎట్ల ఏడుస్తరు బిడ్డా? పేరు చెప్పు. పేరు లేకుంటే గొంతు లేవది."

రామయ్య అని ఒక పేరు కల్పించాను. ఆ రామయ్యకు ఎడ్లున్నాయా అని అడిగింది. తమ్ముళ్లెందరు, కోపమొస్తే ఏమనేవాడు, కూరలో కారం ఎక్కువ వేసుకునేవాడా అని అడిగింది. అన్నిటికీ తెలియదన్నాను. లేనివాణ్ణి ఏడవడం తన వల్ల కాదని చెప్పి మళ్లీ బీడీల్లో పడిపోయింది.

ఇంటికొచ్చి ఈ కష్టం తాతకు చెప్పుకున్నాను.

"నా పేరు మీద ఏడువుమను" అన్నాడు. "ఎట్లయినా ఒకనాడు ఏడ్సేదే. అప్పుడు ఇననీకి నేనుంటనా?"

ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

తాత ఇంత తొందరగా ఒప్పుకోవడానికి కారణముంది. అదేమిటో తెలియాలంటే ఒక ఎద్దు గురించి చెప్పాలి. అంతకు తొమ్మిదేళ్ల ముందు తాత ఒక ఎద్దును అమ్మడానికి కామారెడ్డి అంగడికి తోలుకుపోయాడు. పక్కన తమ్ముడు గంగారాం ఉన్నాడు. ఆయన నస్రుల్లాబాద్‌కు ఇల్లరికం పోయినవాడు, నాకు చిన్నతాత. కొనేవాడు ఎద్దు చుట్టూ తిరిగి, ఎట్లుంటదని చిన్నతాతను అడిగాడు. చిన్నతాత జన్మలో అబద్ధమాడలేదు. "ఎద్దు మంచిదే, జర కుంటుతది" అన్నాడు. కొనేవాడు వెళ్లిపోయాడు. తాత ఆ ఎద్దుతో కలిసి ఇంటిదాకా నడిచి వచ్చాడు. దారిలో ఎద్దు కుంటిందో లేదో ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అవ్వ పోయినప్పుడు చిన్నతాత వచ్చి దూరంగా నిలబడితే తాత అటు చూడనే లేదు. తర్వాత ఎద్దు కూడా పోయింది, తేల్చడానికి సాక్ష్యం లేకుండా. తాతకు మిగిలిన కోరిక ఒక్కటే. "నేను సచ్చేలోపు వాని నోటితోని కుంటలేదని అనాలె" అనేవాడు. పండగ పూట అనేవాడు, జ్వరమొస్తే అనేవాడు, ఏ కారణమూ లేకపోయినా అనేవాడు.

వీడియో మా ఇంట్లోనే తీశాం. నర్సవ్వ ఖాళీ చాప ముందు కూర్చుంది. మరణించిన మనిషి నా పక్కన ముక్కాలి పీట మీద చాయ తాగుతూ కూర్చున్నాడు. నర్సవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని గొంతెత్తింది. "పొద్దుగాల్నే బాయికాడికి పోయేటోనివి ఓ బాపూ, నీ చెప్పులు గడపకాడ్నే ఉన్నయి" అంటుంటే నేను గడప వైపు చూశాను. ఆ చెప్పులు తాత కాళ్లకే ఉన్నాయి. అయినా చూశాను.

"మూడెకరాల ఆసామివి ఓ బాపూ" అంది నర్సవ్వ.

"నాలుగు" అన్నాడు తాత.

"నాలుగెకరాల ఆసామివి ఓ బాపూ" అని ఆమె రాగం తెగకుండా దిద్దుకుంది.

ఇలా ఒక్క బర్రె రెండు బర్రెలైంది, రేకుల కొట్టం పెంకుటిల్లు అయింది. చివరికి తాత ముందుకు వంగి, "ఎద్దు ముచ్చట రానియ్యి, కుంటలేదని చెప్పు" అన్నాడు. నర్సవ్వ రానిచ్చింది. కుంటని ఎద్దును కుంటిదన్న తమ్ముడు, నస్రుల్లాబాదు గంగారాము, కడసారి చూపుకన్నా రాకపాయెనో అని గుండెలు బాదుకుంది. తాత కళ్లు తుడుచుకున్నాడు.

"మంచోన్నేరా నేను" అన్నాడు నాతో.

మధ్యలో వచ్చిన తాత మాటలు కత్తిరించి వీడియో తయారుచేశాం. మొదట్లో వివరాలు రాశాను. పుస్తకాలు చదివినవాణ్ణి కదా, నాటకం పుస్తకంలో పాత్రల పేర్లు వేసినట్టు వేశాను. గానం: నర్సవ్వ, లింగంపేట. మృతుడు: ఎల్లయ్య. దాని కింద మా ఊరి పేరు.

శ్రీకాంత్ తల గోక్కున్నాడు. "కింద ఈయన బతికే ఉన్నడని రాయొద్దారా?"

"కళల అట్ల రాయర్రా" అన్నాను.

ఆ ఒక్క మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నేనైతే మర్చిపోలేదు.

కరెంటు పోతూ వస్తూ ఉండగా వీడియో ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం ఎక్కింది. శుక్రవారం దుబాయ్‌లో సెలవు. అక్కడ చిన్నతాత అల్లుడు పొద్దున్నే లేచి, మన వైపు పాటలు విందామని ఫోన్‌లో వెతికాడు. పాటకు బదులు పెద్దమామ చావు కనిపించింది. అందులో తన మామ పేరు కూడా వినిపించింది. వెంటనే నస్రుల్లాబాద్‌కు ఫోన్ చేశాడు. మా ఇంటికి నస్రుల్లాబాద్ గంట దూరం. ఆ గంట దూరాన్ని తాత చావు కామారెడ్డి మీదుగా దుబాయ్ చుట్టి దాటింది.

పది గంటలకు నేను ఇంటి ముందు పళ్లు తోముకుంటున్నాను. ఉద్యోగం లేనివాడికి ఆ వేళకే తెల్లవారుతుంది. అమ్మా బాపూ చేను కాడికి పోయారు. తాత లోపల రొట్టె తింటున్నాడు. మలుపు దగ్గర ఆటో కనిపించింది. దానికంటే ముందు ఆడవాళ్ల ఏడుపు వచ్చింది.

"ఎవరు పోయిండ్రురా?" అని లోపలి నుంచి తాత అడిగాడు.

ఆటోలోంచి చిన్నతాత దిగాడు. చంకలో కొత్త పంచె, చేతిలో పూలదండ. నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది.

"నువ్వే తాతా" అన్నాను.

తాత ఇంకో రొట్టె ముక్క తుంపుకున్నాడు. "ఎవరచ్చిండ్రు?"

"చిన్నతాత."

తాత చెయ్యి ఆగిపోయింది. కంచం పక్కకు జరిపాడు. బయటికి వెళ్తాడేమో, ఎదురుపడి నవ్వుకుంటారేమో అనుకున్నాను. తాత చాప మీద పడుకున్నాడు. కాళ్లు దగ్గరికి పెట్టుకొని దుప్పటి మొహం దాకా లాక్కున్నాడు.

"కంచం దాచిపెట్టు" అన్నాడు దుప్పటి లోపలి నుంచి.

"తాతా, ఇది మంచిగుండది."

"సచ్చినోనితోని మాట్లాడకు."

చిన్నతాత గడప దాటుతూనే నన్ను పట్టుకున్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాను. నోట్లోంచి నురగ వచ్చింది. "ఏడ్వకు బిడ్డా" అని ఆయన నా వీపు నిమిరాడు. తర్వాత చుట్టూ చూశాడు. ఇంట్లో ఎవరూ లేరు. వాకిట్లో ఎవరూ లేరు. డప్పు లేదు. మా అన్న చావుకు నలుగురు మనుషులు కూడా రాలేదా అని ఆయన ఇంకా గట్టిగా ఏడ్చాడు. దుప్పటి కింద తాతకు ఈ మాట నచ్చలేదని నాకు తెలిసింది, ఎందుకంటే దుప్పటి ముక్కు దగ్గర పైకి లేచింది. నేను దగ్గాను.

చిన్నతాత కొత్త పంచె విప్పి అన్న మీద కప్పాడు. కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అన్నా" అన్నాడు. "నీ ఎద్దు కుంటలేదే. ఆనాడు అంగడిల నాకేమైందో. కుంటలేదే అన్నా."

తొమ్మిదేళ్ల కోరిక తీరిన మనిషి ప్రశాంతంగా ఉండిపోతాడని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

"గట్టిగ అను" అన్నాడు శవం. "బయటోళ్లకు ఇనవడలే."

తర్వాత జరిగినది వరసగా చెప్పడం కష్టం. ఆడవాళ్లు కొట్టం వైపు పరుగెత్తారు. ఎవరి చేతిలోంచో ఎగిరిన పూలదండ బర్రె మెడలో పడింది. బర్రె దాన్ని అందినంత వరకు తిన్నది. మర్యాదకు గడప దాకా వచ్చిన ఆటో డ్రైవర్ దారి ఉండగా పొలంలోంచి పోయాడు. చిన్నతాత మాత్రం కూర్చున్నచోటే ఉన్నాడు. మెల్లగా మొహంలోకి నెత్తురు వచ్చింది.

"బతికే ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న."

"మంచిగున్నవా?"

"రొట్టె తింటుంటిని. మీరే వస్తిరి."

చిన్నతాత కొత్త పంచె అంచు సర్దాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయితే కుంటింది" అన్నాడు.

"ఇప్పుడే గదరా కుంటలేదంటివి?"

"అది సచ్చినోనికి చెప్పిన. బతికున్నోనికి అబద్ధం ఎందుకు చెప్త?"

మధ్యాహ్నం అన్నం దాకా కొట్లాడుకున్నారు. అన్నం తిని మళ్లీ కొట్లాడుకున్నారు. పంచె తిరిగి ఇవ్వమని చిన్నతాత, కప్పిన బట్ట వాపసు తీసుకోరని తాత. చిన్నతాత మూడు రోజులు ఉండి వెళ్లాడు. ఆ తర్వాత నెలకోసారి ఆయన ఇక్కడికి రావడం, లేదా తాత అక్కడికి పోవడం. మాట్లాడుకునే విషయం ఒక్కటే, ఎద్దు. తొమ్మిదేళ్ల మాటలు మిగిలి ఉన్నాయి కాబట్టి వాళ్లకు ఎప్పుడూ కరువు రాలేదు.

వ్యాపారం సంగతి అడుగుతారేమో. చచ్చినవాడు లేచాడని తెలిశాక వీడియో చూసేవాళ్లు వేలల్లోకి వెళ్లారు. బీబీపేట నుంచి ఒక పెద్దమనిషి సెంటర్‌కు వచ్చి, తనకు కూడా శోకం తీయించమని అడిగాడు. శోకంలో పేరు పెట్టి తిట్టాల్సినవాళ్ల జాబితా వెంట తెచ్చుకున్నాడు. ఏడుగురు. శ్రీకాంత్ ఒప్పుకునేవాడే, నర్సవ్వ ఒప్పుకోలేదు. "బతికున్నోళ్లకు నేనింక ఏడ్వ" అంది. "నడుమ నడుమ మాట్లాడ్తరు."

తీసేయమని చిన్నతాత, ఉండనీయమని తాత, వీడియో మీద కూడా పడ్డారు. నేను తీసేద్దామనే కూర్చున్నాను. పాస్‌వర్డ్ మర్చిపోయాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

తాత రెండోసారి పోయింది రెండువేల పద్నాలుగులో. పొద్దున్నే నస్రుల్లాబాద్‌కు ఫోన్ చేశాను.

"ఫోన్ ఆయనకియ్యి" అన్నాడు చిన్నతాత.

"ఆయన లేడు చిన్నతాతా."

"గట్లనే అంటరు. ఫోన్ ఇయ్యి."

ఆయన లేడని మళ్లీ చెప్పాను. అప్పుడు బయల్దేరుతున్నానన్నాడు.

ఈసారి బట్ట తేలేదు. "అప్పుడే కప్పిన గద" అన్నాడు. నిజమే, తాత ఒంటి మీద ఉన్నది ఆ పంచే. నర్సవ్వ శోకం తీస్తూ నాలుగెకరాల ఆసామివి అని ఒక్క క్షణం ఆగింది. ఎవరూ దిద్దలేదు. మళ్లీ అందుకుంది. చిన్నతాత వంగి అన్న చెవి దగ్గర నోరు పెట్టాడు.

"కుంటలేదన్నా" అన్నాడు, గట్టిగానే, బయటివాళ్లకు వినిపించేలా.

అలాగే వంగి చూస్తూ ఉన్నాడు. నేనూ చూశాను. పంచె కదల్లేదు.

అంతా అయ్యాక, బయట కాళ్లు కడుక్కుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"నీకొక్కనికే చెప్తున్న" అన్నాడు. "ఎనక ఎడమకాలు. మంచిగనే కుంటేది."

కనుక ఇందుమూలంగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఊపిరి తీస్తున్న ఏ మనిషి మీదా ఇక జన్మలో శోకం తీయించను. ఒకవేళ తీయిస్తే, ఈయన బతికే ఉన్నాడని పెద్ద అక్షరాలతో రాసి, అవసరమైతే ఆయన చేత సంతకం పెట్టిస్తాను. కళ అన్న మాట పళ్లు తోముకోకముందు వాడను. ఎద్దుల కాళ్ల విషయంలో ఎవరి పక్షమూ వహించను.

ఆ వీడియోలో తాత మాటలన్నీ కత్తిరించామని చెప్పాను కదా. ఒక్కటి మిగిలిపోయింది. చివర్లో, నర్సవ్వ ఊపిరి తీసుకునే చోట, చాయ గుటక వేసిన చప్పుడు, తర్వాత మెల్లగా "కుంటలేదని చెప్పు" అన్న మాట వినిపిస్తాయి. తాత గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. అప్పుడప్పుడు వింటూ ఉంటాను. వినను అని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు.