ఒక్కటే కదలాలన్న ఫేబీ

మా తమ్ముడు దానియేలు కూతురు ఫేబీ గీసిన పెట్టె బొమ్మను కంపెనీ వాళ్లు మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారి ఒప్పుకున్నారు. అదే ఆమె మొదటి గెలుపు. కాల్హేర్‌లో గోదాములు నడిపే మాల్‌సాథీ కంపెనీ యాప్ తెరవగానే నారింజ రంగు పెట్టె మూత విచ్చుకుంటుంది చూడండి, అది మన పిల్ల గీసిందే. మన సంఘం పత్రికలో ఇంతవరకు పాస్టర్ల గురించి, కార్ఖానాల యజమానుల గురించి రాశాం. బొమ్మలు గీసే మనిషి గురించి రాయడం ఇదే మొదలు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఊళ్లో ఏడో తరగతితో బడి మానిన నాకు ఆమె చదువు చెప్పుకోవడమంటే ఇష్టం. మరాఠీ బడిలో ఉండగానే సర్కారు వారి డ్రాయింగ్ పరీక్షలు రెండూ ఏ గ్రేడులో పాసైంది. కళ్యాణ్‌లో యానిమేషన్ డిప్లొమా చేసింది. మన సంఘంలో ఈ చదువు చదివిన మొదటి ఆడపిల్ల ఆమే.

మాల్‌సాథీలో ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. గోదాములో సరుకు తీసేవాళ్లు, లేబుళ్లు అంటించేవాళ్లు ఫోను చూసి పని చేస్తారు. అక్షరాలు రానివాళ్లు వాళ్లలో చాలామంది. వాళ్లకు బొమ్మలతోనే దారి చూపాలి. ఆ బొమ్మలు పనికిరాకపోతే బయట తయారుగా దొరికేవి కొనుక్కుంటామని పైఅధికారి కోమల్ మేడమ్ ముందే చెప్పింది. అంటే ఫేబీ ఉద్యోగం పోయినట్టే.

ఫేబీ గీసిన తెరలో సరుకు మోసే బెల్టు నడిచేది, లారీ చక్రాలు తిరిగేవి, చుట్టూ పెట్టెలు ఊగేవి. నొక్కవలసిన పెట్టె ఒక్కటే కదలకుండా ఉండేది. చూడగానే ఏది నొక్కాలో నాకు తెలిసిపోయింది. సాంచాల మీద గుడ్డ నేసే దానియేలుకూ తెలిసింది. ఇద్దరం మెచ్చుకున్నాం. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేను నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

కాల్హేర్‌లో ఆ తెరను మొదట చూపింది లేబుళ్లు అంటించే వెంకవ్వకు. కోమల్ మేడమ్ పక్కనే నిలబడి చూస్తోంది. వెంకవ్వ ఫోను దూరం పెట్టింది, దగ్గర పెట్టింది.

"ఏంది బిడ్డా, జాతరల నిలబడ్డట్టున్నది. అన్నీ తిరుగుతున్నయ్. ఏది ఒత్తాలె?"

"నువ్వే చెప్పు పెద్దమ్మా" అంది ఫేబీ.

వెంకవ్వ లారీని నొక్కింది. తప్పు నొక్కితే ఏడుపు ముఖం పిల్లవాడు కనిపించేలా ఫేబీ గీసింది. వాడు కనిపించాడు.

"తప్పొత్తింది నేను, ఏడ్సుడు వీడెందుకు? నన్ను ఎక్కిరిస్తుండా?"

"ఈ పెట్టెను ఒత్తాలె పెద్దమ్మా."

"గదేనా? సచ్చినట్టు పడున్నది గద. చెడిపోయిందనుకున్న."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు గానీ, తామూ లారీనే నొక్కేవాళ్లమని ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం ఇంకొక్కసారి చూస్తానని, అదే ఆఖరని చెప్పి కోమల్ మేడమ్ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వరాలా తలావ్ చెరువు ఒడ్డున నాతో నడుస్తూ ఫేబీ ఫోనులో ఆ తెరను నాకు మళ్లీ చూపింది. తర్వాత అడిగింది.

"నీకెట్ల తెల్సింది పెద్దబాపూ, పెట్టెనే ఒత్తాలని?"

"గదొక్కటే ఆగింది గద బిడ్డా."

"ఆగితే చూస్తవా?"

"మరి? నడిచే సాంచా మంచిగనే నడుస్తది, దాన్ని చూసుడెందుకు? పోగు తెగి ఆగినదాన్ని చూడాలె. మీ బాపు ఆరు సాంచాల నడుమ నిలబడి చేసేది గదే."

ఆమె నడక ఆపింది. "మనం ఆగినదాన్ని చూస్తం. వాళ్లు కదిలేదాన్ని చూస్తరు. నేను మన ఇంటోళ్ల కోసం గీసిన పెద్దబాపూ."

"గట్లయితే మనమే హుషారు."

"హుషారు సంగతి పక్కకు పెట్టు. నా నౌక్రీ పోతది."

మరమగ్గాల మధ్య పెరిగిన పిల్లకు అన్నీ కదలడమే మామూలు. తన కళ్లకు అలవాటైనదే లోకమంతటికీ అలవాటనుకుంది. అది మేమంతా చేసే పొరపాటే. కాకపోతే మాది ఇంట్లో పడి ఉంటుంది, ఆమెది వందల ఫోన్లలోకి వెళ్తుంది. ఎంతో ఇష్టంగా తిప్పిన చక్రాలను తన చేత్తోనే ఆపేసింది. బెల్టును తుడిచేసింది.

సోమవారం తెరంతా నిమ్మళంగా ఉంది. పెట్టె ఒక్కటే కొద్దిగా పైకి లేచి, మళ్లీ కూర్చుంటోంది. ఏడుపు ముఖం తీసేసి, సరైన పెట్టె వైపు చూపే చెయ్యి మాత్రం గీసింది.

"గిది రమ్మని పిలుస్తున్నది" అంటూ వెంకవ్వ పెట్టెను నొక్కింది. నొక్కగానే పెట్టె కదలడం మానింది.

కోమల్ మేడమ్ ఆ వారమే ఉద్యోగం ఖాయం చేసింది. కంపెనీ కోసం ఎవరు బొమ్మ గీసినా పాటించవలసిన పద్ధతిని కూడా ఫేబీనే రాయమంది. తెర మీద ఒక్కటే కదలాలి, పని కాగానే అది ఆగాలి అన్నది అందులో మొదటి మాట. తప్పు చేసిన మనిషిని బొమ్మ ఎగతాళి చేయకూడదు. మనుషులను గీస్తే తలకు రుమాలు చుట్టుకున్నవాళ్లను, కొంగు దోపుకున్నవాళ్లను గీయాలి, కంపెనీ గుర్తయిన నారింజ రంగును వాళ్ల ముఖాలకు పూయకూడదు. ఎవరి కోసం గీశామో వాళ్ల పక్కన కూర్చొని చూసేదాకా ఏ బొమ్మా పూర్తయినట్టు కాదు.

ఆ చివరి మాట తన మెడకే చుట్టుకుంది. నాగపూర్ గోదాముకు ఈ తెరలు పంపమంటే, తానే వెళ్తానని బయలుదేరింది. "ఈడ పాసైనవ్ గద, మల్ల పోవుడెందుకు?" అన్నాను.

"వాళ్ల కండ్లు ఏం చూసుకుంట పెరిగినయో నాకేం తెల్సు పెద్దబాపూ" అని సంచి భుజాన వేసుకుంది.

తిరిగి వచ్చేది నవంబరు 22, శనివారం; అక్కడివాళ్లు ఏది నొక్కారో అప్పుడు తెలుస్తుంది.