జొన్నచేను చెరిపిన ఫొటో

భద్రాచలంలో నా జిరాక్సు షాపు పక్కనే తుల్సీరాం ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లలో అతనికి ఎదురులేదు. చామనఛాయ పెళ్లికూతుర్ని పాలలా తెల్లగా చేస్తాడు. కళ్లు మూసుకున్న మామగారికి ఇంకో ఫొటోలోంచి కళ్లు తెచ్చి పెడతాడు. పెళ్లయ్యాక తగాదా పడ్డ బావమరిదిని గ్రూపు ఫొటోలోంచి మాయం చేస్తాడు. ఒకప్పుడు నేనూ చూసి మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే అసహ్యం వేస్తుంది.

2005 జనవరిలో ఖమ్మం నుంచి రవీందర్ అనే బ్యాంకు ఉద్యోగి అడవిదున్న ఫొటో తెచ్చాడు. పోటీకి పంపాలట, కానీ అన్నీ లోపాలేనట. దున్న నిలబడింది పోడు కొట్టిన జొన్నచేలో. పక్కన ఒక కోయ ఆడమనిషి డబ్బా కొడుతూ దాన్ని తోలుతోంది. కింద మూలన తారీఖు పడింది. దున్న కన్ను మసకగా ఉంది.

తుల్సీరాం జొన్నను గడ్డి చేశాడు, మనిషిని పొదతో కప్పేశాడు, తారీఖు తుడిచేశాడు. దున్నకు తన ఇంటి గేదె కన్ను అతికించాడు. ఆ గేదె కన్నుకే బహుమతి వచ్చింది. ఫొటోను పెద్దది చేసి, అద్దం కట్టించి స్టూడియో గోడకు తగిలించాడు. రోత పుట్టినా అతను తెప్పించిన మిర్చి బజ్జీలు తిన్నాను. సిగ్గులేని జన్మ.

2008లో పోడు పట్టాలకు దరఖాస్తులు మొదలయ్యాయి. 2005 డిసెంబరు కంటే ముందే సాగు చేసినట్టు రుజువు కావాలన్నారు. రేషన్ కార్డు జిరాక్సుకు వచ్చిన కోయ మనిషి భీమక్క, తన చేలో దున్న పడ్డనాడు ఒక సారు ఫొటో తీశాడనీ, అందులో తారీఖు కూడా చూపించాడనీ చెప్పింది. అది ఏ ఫొటోనో నాకు అర్థమైంది. స్టూడియోకు తీసుకెళ్లాను.

గోడ మీది ఫొటోలో వెనకున్న గుట్టను బట్టి చేను గుర్తుపట్టింది. అద్దం మీద వేలుపెట్టి తన కోసం వెతుక్కుంది. అసలు ఫొటో లేదు. ఆల్బమ్ పని అలవాటులో తుల్సీరాం మార్చిన ఫొటోను దాని మీదే సేవ్ చేశాడు. రవీందర్ దగ్గరా మిగల్లేదు.

తుల్సీరాం ఏమాత్రం నొచ్చుకోలేదు. కెమెరా తీశాడు. "నిలబడక్కా. ఫొటో తీసి మళ్ల ఆడనే పెడ్త. తారీఖు గూడ ఏస్త."

ఛీ, నేనూ తలూపాను.

"నేను ఆడ ఉన్ననే గద," అంది భీమక్క. "ఉన్నదాన్ని తీసేసి, ఇప్పుడు దొంగబొమ్మ పెట్టుకొని పట్టా అడగాల్నా?"

రుజువు లేకుండానే దరఖాస్తు ఇచ్చింది. నాలుగు నెలలకు అది తిరిగొచ్చింది. అక్కడ సాగు చేసిన ఆనవాలు లేదని దాని మీద రాశారు.