వానకి కొన్న బరకం

నా చిన్నప్పుడు మా మేనత్త ఒక కొత్త బరకాన్ని కొట్టాయన కళ్ళెదుటే చింపేసి, ఆ తర్వాత అదే కావాలని అడిగి కొనుక్కుంది. నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. చిరిగిన చప్పుడుకి బజార్లో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

మా మేనత్త నరసాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. మా నాన్నకి చెల్లెలు, మాతోనే ఉండేది. మెడలో విజిల్, చేతికి మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద గడియారం, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని సైకిలు మీద బడికి వెళ్ళేది. ఆవిడకి భయమన్నదే తెలియదని ఊళ్ళో అందరూ అనేవారు. నేనూ అదే నమ్మాను. ప్రతి వేసవిలోనూ బడి పిల్లల్ని సముద్రం ఒడ్డునున్న సరుగుడు తోటలోకి క్యాంపుకి తీసుకెళ్ళేది. ఆడపిల్లల్ని రాత్రిపూట బయటికి పంపడం ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ తేలిగ్గా ఒప్పుకునే సంగతి కాదు. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి, వాకిట్లో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, తల్లిదండ్రుల్ని ఒప్పించుకుని వచ్చేది.

అంతకు ముందు ఏడాది క్యాంపులో నేల మీద పడుకున్న ఒక పిల్లని తేలు కుట్టింది. పిల్ల బాగానే కోలుకుంది కానీ ఊళ్ళో చాలా మాటలు వచ్చాయి. ఈసారి ఎవరికైనా ఏమైనా అయితే ఇక క్యాంపులు ఉండవని హెడ్మిస్ట్రెస్ గారు తేల్చి చెప్పేశారట. అందుకని మా మేనత్త ఆ ఏడాది పిల్లలెవరూ నేల మీద పడుకోకూడదని నిశ్చయించుకుంది. వేటకి పనికిరాని పాత నైలాను వలలు మత్స్యకారుల దగ్గర అడిగి తెచ్చింది. వాటిని మడతలు పెట్టి, రెండు చివర్లా గట్టి తాడు బిగించి, చెట్టుకీ చెట్టుకీ మధ్య కట్టే ఉయ్యాలలుగా తయారు చేసింది. ఇప్పటి పిల్లలు దాన్నే హేమక్ అంటున్నారు. పడక కుదిరింది. మంచు పడినా వాన పడినా పైన అడ్డంగా ఉండడానికి ఏదైనా కావాలి. అదీ తక్కువలో రావాలి. అలా ఒక రోజు బరకాలు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళింది. ఆ ఏడాదే మొదటిసారి నన్నూ క్యాంపుకి రమ్మంది కాబట్టి నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు.

కొట్టాయన మొదట లారీల మీద కప్పే కాన్వాసు బరకం పరిచాడు. గట్టిదే, కానీ దాన్ని మోయడానికి మనిషిని పెట్టుకోవాలి. తర్వాత పల్చటి ప్లాస్టిక్ షీటు చూపించాడు. అది చేతిలో చాక్లెట్ కాగితంలా గలగలలాడింది. ఆవిడ రెండూ వద్దని, ధాన్యం మీద కప్పుకునే నీలం బరకాలు తీయించింది. ఒక్కొక్కటీ వీధి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చిల్లులున్నాయేమో చూసింది. మూరేసి కొలిచింది. ఉయ్యాల కన్నా ముందుకీ వెనక్కీ కాస్త మిగలకపోతే తలో కాళ్ళో తడుస్తాయని నాకు చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఒక బరకం అంచుని కొట్లో పనిచేసే అతని చేతికిచ్చి గట్టిగా పట్టుకోమని, రెండో వైపు మూలనున్న ఇనప రింగులో వేళ్ళు దూర్చి, కాలు గడపకి తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది. రింగు ఊడి చేతిలోకి వచ్చింది. బరకం జానెడు మేర చిరిగిపోయింది.

కొట్టాయన కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఇదేంటి టీచరు గారూ" అన్నాడు. ఆవిడ డబ్బు ఇస్తానని నెమ్మదిగా చెప్పి, రెండో రకం బరకం అందుకుని దాన్నీ అలాగే గుంజింది. ఆ రింగు కూడా ఊడింది. కానీ చిరుగు అంచు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ దాన్ని వేలితో తడిమి చూసుకుని, ఈ రకమే కావాలని, ఊడినదాంతో సహా కట్టమని చెప్పింది. మొదటిది ఇంట్లో కట్టెల మీద కప్పుకోవడానికి తీసుకుంది. కొట్టాయన మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూశాడు. దారి పొడుగునా నేను తల ఎత్తలేదు. ఇంటి మలుపు దగ్గర సైకిలు ఆపి ఆవిడే చెప్పింది.

"ఈ ధరకి వచ్చే రింగులు ఎలాగూ ఊడతాయే. ఊడాక గుడ్డ ఆగుతుందా లేదా అన్నదే నేను చూసింది."

ఇంటికొచ్చాక ఇంకో వింత జరిగింది. మా తమ్ముడి గోళీల డబ్బా తీసుకొచ్చి, బరకం మూలల్లో ఒక్కో గోళీ పెట్టి, దాని మీద గుడ్డని మడిచి, గోళీ కింద మెడలా వచ్చిన చోట తాడు బిగించి కట్టింది. ఇక రింగుతో పని లేదు, ఎంత లాగినా తాడు జారదు. మా తమ్ముడు నేల మీద పడి ఏడ్చాడు. వాడి ఏడుపు తగ్గకముందే పెరట్లో మామిడి చెట్టుకీ వేప చెట్టుకీ ఉయ్యాల కట్టి, పైన బరకం పరిచి, నన్ను లోపల పడుకోబెట్టి, బిందెలతో నీళ్ళు తెచ్చి పైన కుమ్మరించడం మొదలుపెట్టింది. బరకంలోంచి చుక్క కూడా కారలేదు. నేను నవ్వుతూ ఉండగానే వీపు కింద చల్లగా తగిలింది. చూస్తే నడుము దాకా తడిసిపోయాను. చెట్టు మీద పడిన నీళ్ళు ఉయ్యాల తాడు పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చేశాయి. మా నాయనమ్మ కేకలేసింది. మా మేనత్త మాత్రం ఏదో దొరికినట్టు సంబరపడి, పాత చీర పీలికలు తెచ్చి తాడుకి అక్కడక్కడా ముడివేసింది. ఈసారి నీళ్ళు పీలిక దాకా వచ్చి అక్కడి నుంచి నేల మీదకి కారిపోయాయి. నేను పొడిగా ఉన్నాను. తడవాల్సిందేదో ఇంటి దగ్గరే తడిసి చూసుకోవాలని ఆవిడ అన్నప్పుడు, మా మేనత్తకి తెలియని విషయం లోకంలో లేదనుకున్నాను.

క్యాంపు రోజు బస్సు దిగి ఇసుకలో నడిచి తోట చేరేసరికి ఎండ నడినెత్తి మీదకి వచ్చింది. ఆవిడ మూటలు విప్పనివ్వలేదు. ముందు మమ్మల్నందర్నీ దగ్గర్లోని పల్లెకి నడిపించుకుపోయింది. అక్కడ డాబా కప్పున్న చిన్న బడి ఉంది. మంచినీళ్ళు తాగించి, మళ్ళీ తోటలోకి నడిపించుకొచ్చింది. తోట అంచునే బోరింగు పంపు ఉండగా ఇంత దూరం ఎండలో ఎందుకు తిప్పిందో అర్థం కాక పిల్లలందరూ సణుక్కున్నారు.

సాయంత్రానికి ఉయ్యాలలు కట్టాం. వాటి పైన నీలం బరకాలు, మూలల్లో గోళీలు, తాళ్ళకి పీలికలు. వంట మొదలుపెట్టబోతుండగా పడమటి దిక్కున నల్లగా కమ్ముకొచ్చి వాన పట్టుకుంది. అందరం కేరింతలు కొడుతూ ఉయ్యాలల్లో దూరాం. బరకాల మీద వాన చప్పుడు వింటూ పడుకోవడం కన్నా గొప్ప సుఖం అప్పటికి నాకు తెలియదు. ఎవరి మీదా చుక్క పడలేదు. ఒక్కో ఉయ్యాలలోంచీ "మేడం గారూ, మేం తడవలేదండీ" అని పిల్లలు వరసగా అరిచి చెబుతుంటే, అదంతా నేనే కొన్నంత గర్వంగా అనిపించింది.

అప్పుడు గాలి మొదలైంది. సరుగుడు చెట్ల చప్పుడు ఎప్పుడూ సముద్రం హోరులాగే ఉంటుంది, అందుకని మాకు తేడా తెలియలేదు. మా మేనత్త వానలో నిలబడి, తల పైకెత్తి కొమ్మల వైపు చూస్తోంది. ఉన్నట్టుండి విజిల్ ఊదింది. ఆపకుండా ఊదింది. అందరూ దిగండి, ఏమీ తీసుకోవద్దు, మధ్యాహ్నం వెళ్ళిన బడికి పరుగెత్తండి అని అరిచింది. ఎవరికీ దిగాలని లేదు. పొడిగా పడుకున్నవాళ్ళని వానలోకి పొమ్మంటుందేమిటని నేను వలని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ నా దగ్గరికొచ్చింది. ఆ ముఖం అంతకు ముందెన్నడూ నేను చూసింది కాదు.

"ఇక్కడ తడవట్లేదు కదా అత్తయ్యా. మరి బరకాలో?" అన్నాను.

"బరకం వానకి కొన్నానే, గాలికి కాదు. దిగు."

జబ్బ పట్టుకుని బయటికి లాగేసింది. వల దారాలు ఒరుసుకుని మోచెయ్యి దోక్కుపోయింది. ఇసుక ముఖానికి సూదుల్లా కొడుతుంటే ఏడుస్తూ పరుగెత్తాను. దారి వెతుక్కోవాల్సిన పని ఎవరికీ లేకపోయింది. మధ్యాహ్నం నడిచిన దారే. అందరూ బడి వరండాలోకి చేరాక ఆవిడ ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి చూసుకుంది. అంతలో తోట వైపు నుంచి ఏదో విరిగిన చప్పుడు, దాని వెంటే మరొకటి వినిపించాయి. పల్లెలోని ఆడవాళ్ళు వేడి అన్నం, చేపల పులుసు తెచ్చి పెట్టారు. తడిబట్టలతోనే ఒకరినొకరు ఆనుకుని నిద్రపోయాం.

తెల్లవారాక తోటకి వెళ్ళాం. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. తోట చివర కొన్ని చెట్లు వేళ్ళతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక లావు మాను సరిగ్గా నా ఉయ్యాల మీద పడింది. వల దాని కింద ఇసుకలోకి దిగబడిపోయింది. నీలం బరకం ముక్క ఒకటి కొమ్మకి వేలాడుతోంది. దాని మూల గోళీ అలాగే ఉంది, తాడు ముడి కూడా ఊడలేదు. మాలో ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. నాకు ఏడుపు రాలేదు. అక్కడే నిలబడిపోయాను. నేను పడుకున్న చోటు అది. దిగనని మొండికేసిన చోటు.

మా మేనత్త ఏదైనా అంటుందని చూశాను. నా మాట వినకపోతే ఏమయ్యేదో చూశారా అని అనడానికి ఆవిడకి ఆ రోజు పూర్తి హక్కుంది. కానీ ఆవిడ ఇసుకలో చతికిలబడింది. నన్ను దగ్గరికి రమ్మని, దోక్కుపోయిన నా మోచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అంటుకున్న ఇసుకని కొంగుతో తుడిచింది. నాకు మాత్రమే వినపడేలా మాట్లాడింది.

"నాకు భయమేసిందే. పైన కొమ్మల చప్పుడు మారగానే భయమేసింది. అయినా ఇంకాసేపు చూద్దామనుకున్నాను. బరకాలు అంత బాగా ఆగుతుంటే, ఎలా దింపడం అనిపించింది."

అప్పటికి ఆ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడకి కూడా భయం వేస్తుందన్న ఒక్క సంగతే బుర్రకెక్కింది. ఊరికి తిరిగొచ్చాక ఆవిడ తిన్నగా హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్ళి జరిగిందంతా తానే చెప్పింది. పిల్లలెవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు కాబట్టి క్యాంపులు ఆగిపోలేదు కానీ, సముద్రం ఒడ్డున మాత్రం వద్దన్నారు. తర్వాతి వేసవుల్లో బడి ఆవరణలోనే ఉయ్యాలలు కట్టుకున్నాం. ఒక తండ్రి మా ఇంటికొచ్చి వాకిట్లో నిలబడి ఆవిడని నానా మాటలూ అన్నాడు. ఆవిడ తల వంచుకుని అన్నీ విని, ఆయన అలిసిపోయాక మంచినీళ్ళిచ్చి పంపింది. ఇప్పుడు ఆవిడ లేదు. ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్ళు ఎక్కడ కలిసినా ఆ విజిల్ గురించే మాట్లాడుకుంటాం.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు రాజమహేంద్రవరం నుంచి వచ్చింది. స్నేహితులతో కలిసి మారేడుమిల్లి అడవిలో హేమక్‌లు కట్టుకుని పడుకుంటారట. పైన కప్పుకునే టార్ప్ తక్కువ ధరలో ఏది మంచిదో తేల్చుకోలేక ఫోన్లో బొమ్మలన్నీ నాకు చూపించింది. పొడవు ఎంత ఉండాలో, రింగుల్ని నమ్ముకోకుండా మూలలు ఎలా కట్టాలో, తాడుకి పీలిక ఎక్కడ వేయాలో చెప్పాను. నాకు ఇవన్నీ ఎలా తెలుసని అది ఆశ్చర్యపోయింది. ఇంకేం చూసుకోవాలి అని అడిగితే, గాలి లేస్తే పరుగెత్తి ఎక్కడికి వెళ్ళాలో పగటి వెలుతుర్లోనే నడిచి చూసుకోమన్నాను. అది ఫోన్ పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. అప్పుడు ఈ కథంతా చెప్పాను.

దానికి చెప్పని ముక్క ఒకటుంది. కిందటేడు మావాళ్ళతో ఒక పెళ్ళికి వెళుతూ గోదావరి రేవులో, మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు దగ్గర నిలబడ్డాను. గాలి కాస్త ఎక్కువగా ఉంది. అందరూ ఎక్కుతున్నారు. కట్టుకున్నది కొత్త పట్టుచీర, ముహూర్తం దగ్గరపడుతోంది, అవతలి ఒడ్డున కారు కాచుకుని ఉంది. అన్నీ సవ్యంగా కుదిరిన ప్రయాణం అది. కానీ నాకు భయమేసింది. మీరు వెళ్ళండి, నేను తర్వాత వస్తాను అని వెనక్కి వచ్చేశాను. మావాళ్ళు బతిమాలారు, విసుక్కున్నారు, చివరికి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పంటు క్షేమంగానే అవతలికి చేరింది. మావాళ్ళు దిగి చేతులూపడం నాకు కనిపించింది. ముహూర్తం దాటిపోయింది. నాకు సిగ్గుగా అనిపించలేదు. గాలి తగ్గేదాకా రేవు మెట్ల మీద కూర్చుని, తర్వాతి పంటులో వెళ్ళి, చల్లారిన భోజనం తృప్తిగా తిన్నాను.