అడగని మంత్రి

బుచ్చిరెడ్డిపాలెంలో కంప్యూటర్ షాపుకెళ్లి ఈ రోజు చెస్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఇరవై ఏళ్లు రోజూ సాయంత్రం నాతో చెస్ ఆడిన మా బావ పోయి నెల దాటింది. ఇంతవరకూ నాకు ఏడుపు రాలేదు. ఏ పనీ తోచడమూ లేదు.

షాపు నడిపే అక్క ఓపిగ్గా మూడు రకాలు చూపించింది. ఒకదాంట్లో బోర్డు ఎటంటే అటు తిరుగుతుంది. ఇంకొకటి చాంపియన్లనే ఓడిస్తుందట. నాలాంటి మామూలోడితో ఆడేది చాలన్నాను. బాగా తేలికైన లెవెల్ పెట్టి, ఆడి చూడమంది.

పది ఎత్తుల్లోపే అది తన మంత్రిని తెచ్చి నా గుర్రం ముందు పెట్టింది. చంపబోయి ఆగాను.

"దాని ఎత్తు దానికి వెనక్కి ఇయ్యొచ్చా అక్కా?"

"మీ ఎత్తు మీరు తీసుకోవచ్చు. దానిది మీకెందుకన్నా?"

"మా బావైతే ఈపాటికి నా చెయ్యి పట్టుకుని, చూసుకోలేదురా, ఇచ్చెయ్ అని పోట్లాడుండేవాడు. మొన్నామధ్య పోయినాడు."

ఆమె మెల్లగా, "ఇది అడగదన్నా," అంది.

మంత్రిని చంపేశాను. ఆట గెలిచాను. సంతోషమూ లేదు, బాధా లేదు. డబ్బులిచ్చి ఇంటికొచ్చాను.

అందరూ బాగా ఆడే సాఫ్ట్‌వేరే కొంటారట. బాగా పోట్లాడేది ఎక్కడైనా దొరికితే కాస్త చెప్పండి.