తపాలా బిళ్ల మీది ఓడ

మా ఊరి మొగ ఓడల కాలువ అయిపోయిందని మాకు మొదట తెలిసింది కావలివాడి ఈల వల్ల. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలోంచే మా పడవలు తరతరాలుగా వేటకు వెళ్తున్నాయి. ఇక మీదట అది ఓడల దారి అట. ఈల ఊది మావాళ్లను వెనక్కి తోలేశాడు.

ఆ వారంలోనే శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున సభ పెట్టారు. కాలువ తెరిచిన గుర్తుగా తపాలా బిళ్ల విడుదల చేస్తారట. తీరం ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుంటే ఫోటో నిండుగా ఉంటుందని మాకోసం బస్సు పంపారు. బిళ్ల విడుదల చేయడానికి వచ్చే సర్కారు పెద్దాయనను కలిసి పడవలకు దారి అడగవచ్చని మేమూ ఎక్కాం.

నాకంటే పెద్దదైన మా తోటికోడలు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ కొంగున కట్టుకొచ్చింది. మా మొగలోకి కొత్త పడవ ఏది వచ్చినా ఆడవాళ్లు దాని ముక్కుకు పసుపు రాసి, గంగమ్మకు చెప్పి లోపలికి రానిస్తారు. ప్రారంభమంటే ఓడ ఉంటుందనే అనుకున్నాం. నాగావళిలో మోకాటిలోతు నీళ్లలోకి ఓడ ఎలా వస్తుందని ఒక్కరికీ తోచలేదు.

వేదిక మీద తెర లాగారు. తలుపంత పటంలో బిళ్ల బొమ్మ. ఓడ, దీపస్తంభం, తెల్ల పిట్టలు. మా పడవ ఒక్కటీ లేదు. ముసలితనంలో పలక పట్టినదాన్ని కదా, రాసింది చదువుదామని చూశాను. హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. మా నీళ్ల గురించి వేసిన బిళ్ల మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు.

ఈ బిళ్లతో మన తీరం ప్రపంచమంతా తిరుగుతుందని పెద్దాయన ఉపన్యసించాడు. మా మగవాళ్లు మొగ దాటడానికి లేదు కానీ, తీరం మాత్రం ప్రపంచం తిరుగుతుందట!

అంతలో తోటికోడలు వేదికెక్కి పటంలోని ఓడ ముక్కుకు ఇంత పసుపు మెత్తేసింది.

"అయ్యో, పాడుచేసేసింది!" అంటూ ఒక అధికారి పరుగెత్తుకొచ్చి జేబురుమాలుతో తుడిచాడు. పసుపు ఇంకా పాకి ఓడకు కామెర్లు వచ్చినట్టయింది.

ఆ తర్వాత, అది తపాలావాళ్ల ఆచారమట, పెద్దాయన చేత అసలు బిళ్ల మీద నల్లసిరా ముద్ర కొట్టించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఓలమ్మా! నాను పసుపు రాస్తే పాడైపోనాది, ఆయన మసి కొడితే శుభమా?" అంది తోటికోడలు.

నేను లేచి నిలబడ్డాను. "బాబూ, మా పడవలకి దారేటి?"

"మంచిరోజమ్మా ఇవాళ. అవన్నీ తర్వాత చూద్దాం" అని పెద్దాయన నా చేతిలో ఒక బిళ్ల పెట్టాడు.

బస్సులో తోటికోడలు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఒసే, సదువుకున్నావు కదా, ఈ ఓడెప్పుడొస్తాదో రాసుందేటి?"

"నాకొచ్చిన బాసలో ఏటీ రాయలేదప్పా."

"రాని ఓడకి మనోళ్లు తప్పుకోడమేటే?"

మర్నాడు పొద్దుటే మావాళ్లు పడవను నీళ్లలోకి తోశారు. మేమిద్దరం ఒడ్డున నిలబడ్డాం. కావలివాడు బుగ్గలు పగిలేలా ఈల ఊదాడు.

తోటికోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓడొస్తే సెప్పు బాబూ, తప్పుకుంటాం!"

ఈల నోట్లో ఉండగానే అతను సముద్రం వైపు తిరిగి చూశాడు. మా పడవ తప్ప అక్కడేమీ లేదు.