ఈశాన్యం తూము

తాండూరు శివార్లలో నేను ఇల్లు కట్టుకున్న జాగా నైరుతికి వాలి ఉంటుంది. వీధి మోరీ కూడా అటువైపే. అందుకే మున్సిపాలిటీ ఇచ్చిన అనుమతి కాగితంలో వాన నీళ్ళు ఆ మోరీలోకే పోవాలని, పక్కవాళ్ళ జాగాలోకి వదలకూడదని, ముంగిట్లో ఇంకుడు గుంత ఉండాలని రాశారు. ఏళ్ళ తరబడి పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి, చదవగానే అర్థమైంది. అర్థమయ్యాక ఆ కాగితాన్ని బీరువాలో భద్రంగా పెట్టి, వికారాబాద్ నుంచి వాస్తు ఆయన్ని పిలిపించాను.

ఆయన దిక్సూచి పట్టుకొని జాగా అంతా ఒక చుట్టు తిరిగి, నా మొహంలోకి జాలిగా చూశాడు.

"నైరుతి ఎత్తు చెయ్యాలె సారూ. నీళ్ళు ఈశాన్యంకెల్లే బయటికి పోవాలె," అన్నాడు.

నేను పద్నాలుగు ట్రాక్టర్ల మొరం మట్టి పోయించి భూమి చేసిన తప్పును సరిదిద్దాను. ఇంకుడు గుంత కూడా తవ్వించాను. దాని పక్కన నిలబడి ఫోటో దిగి, ఆఫీసులో ఇచ్చి, వెంటనే పూడ్పించి, పైన నున్నటి తాండూరు బండలు పరిపించాను. ఆ గుంత బతికింది రెండు రోజులు.

ఈశాన్యం గోడకు అవతల, దోమ అనే ఊరి నుంచి వచ్చి స్థిరపడిన ఒక అవ్వ ఉంటుంది. రేకుల ఇల్లు, దాని ముందు గొర్రెల దొడ్డి. మేస్త్రీ గోడ అడుగున తూము పెడుతుంటే ఆమె వచ్చి నిలబడింది.

"సారూ, గీ నీళ్ళన్నీ నా దొడ్లెకు రావా?"

"ఫికర్ చెయ్యకవ్వా. చెట్లకు పారుతయి."

"దొడ్లె చెట్లేడున్నయి?"

సరిగ్గా అప్పుడే మేస్త్రీ సిమెంటు చాలదని పిలిచాడు. నా పరువు దక్కింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. డాబా మీది నీళ్ళు, బండల మీది నీళ్ళు అన్నీ కలిసి తూములోకి దూకాయి. నేను వరండాలో చాయ్ తాగుతూ, ముంగిట్లో చుక్క నిలవడం లేదని మా ఆవిడకు చూపించి మురిసిపోయాను.

గేటు తోసుకొని అవ్వ వచ్చింది. చంకలో ఒక గొర్రెపిల్ల. ఆ వారమే పుట్టింది, వణికిపోతోంది. అవ్వ ఎవరినీ అడగకుండా హాల్లోకి నడిచి దాన్ని మా కొత్త సోఫా మీద దించింది. మళ్ళీ వెళ్ళి ఇంకో రెండింటిని తెచ్చింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను.

"నీ నీళ్ళు మా ఇంటికొచ్చినయి సారూ," అంది అవ్వ. "మా పిల్లలు నీ ఇంటికొచ్చినయి. ఇంకొకటి దొరుకుతలేదు."

గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తాను. దొడ్డిలో మోకాలి లోతు నీళ్ళు. పెద్ద గొర్రెలు ఎత్తైన మూలకు చేరి అరుస్తున్నాయి. నాలుగో పిల్ల ముళ్ళకంచెలో చిక్కుకొని ఉంది. విడిపించి ఎత్తుకున్నాను. ప్రాణం లేదు. అవ్వ దాన్ని తీసుకొని కొంగుతో మూతి తుడిచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చి, తడి బట్టలతోనే వాస్తు ఆయనకు ఫోను చేసి జరిగింది చెప్పాను.

"పాణం పోయింది మీ హద్దు లోపలనా, బయటనా?" అని అడిగాడు.

"బయటనే."

"అయితే పరేషాన్ గాకుండ్రి. దోషం మీకు రాదు."

గుండె తేలికపడింది. అలా తేలికపడ్డాకే తెలిసింది, నేను ఫోను చేసింది ఆ మాట వినడానికేనని. సిగ్గుతో మొహం కాలిపోయింది. వెళ్ళి గోనెసంచులు తెచ్చి తూములో కుక్కాను. నీళ్ళు వెనక్కి మళ్ళి బండల మీదుగా మా గడపకేసి రాసాగాయి. హాల్లో మూడు పిల్లలూ తల్లుల కోసం అరుస్తూనే ఉన్నాయి.