ఎవరి పంపు తెచ్చినవ్?

ఈ పొద్దున ఖమ్మంలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే పక్క గోదాము ముందు మిరప బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటుకి వరసగా నాలుగు తుమ్ములొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి ఇవే మెట్లు, ఇదే పని. ఈ మధ్య రెండో అంతస్తు ఎక్కడానికి కూడా ఓపిక ఉండటం లేదు. కుర్చీలో కూలబడగానే మేనేజరు మెయిలు కనబడింది. రైతుల కోసం మేం చేసిన ఆప్‌లో మొదటి ప్రశ్న తీసెయ్యాలట, ప్రశ్నలు ఎక్కువైతే జనం మధ్యలోనే వదిలేసిపోతున్నారట. ఆ ప్రశ్న నాది కాదు. పినపాకలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే కరీం చాచాది. చాచా పోయి రెండేళ్ళయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మిరప తెగుళ్ళకు ఒక ఎక్స్‌పర్ట్ సిస్టమ్ చెయ్యమని నన్ను పంపారు. పేరు పెద్దదే గాని అదేం బ్రహ్మవిద్య కాదు. ఒక పనిలో తల పండిన మనిషి దగ్గర కూర్చుని, అతను ఏది చూసి ఏది తేలుస్తాడో అడిగి, ‘ఇలా ఉంటే ఇది’ అని నియమాలు రాసుకుంటాం. ఆ నియమాలన్నీ ఒక భాగం. ఎదుటివాళ్ళ జవాబులు పట్టుకుని ఆ నియమాల వెంట నడిచి ఒక మాట తేల్చేది రెండో భాగం. ఎందుకలా తేల్చావని అడిగితే ఏ దారిన వచ్చిందో చూపిస్తుంది. ఇప్పటి ఏఐల లాగా లక్షల బొమ్మలు చూసి తనంతట తాను నేర్చుకోదు. మనిషి చెప్పిందే దానికి తెలుసు, చెప్పనిది తెలియదు. మిరపాకు చూసి రోగం చెప్పడంలో మణుగూరు, పినపాక వైపు కరీం చాచాను మించినవాడు లేడని ఎవరిని అడిగినా అన్నారు.

చాచాకు నోటి దురుసు ఎక్కువ. మందులమ్మే దుకాణంలో కూర్చుని, “మందేం వద్దు, పోయి నీళ్ళు వెట్టు” అని గిరాకీని తరిమేసేవాడు. నేను లాప్‌టాప్ తెరిచిన మొదటి రోజే, “నా బుర్రంత గుంజి పెట్టెల వెట్టుకపోతే రేపు నా దుకాణానికి ఎవడొస్తడు బేటా?” అని ఎకసెక్కమాడాడు. అన్నాడే గాని ఏదీ దాచుకోలేదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, ఇట్లా నెల రోజుల పాటు చాయ్ మీద చాయ్ తాగిస్తూ చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం నేను చూసి కూడా రాసుకోలేదు. చాచా ముందుగా ఆకు పట్టుకునేవాడు కాదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఏ దారిన వచ్చినవ్, పక్క చేన్ల ఏం వేసిండ్రు, మందు కొట్టనీకి ఎవరి పంపు తెచ్చినవ్ అని అడిగేవాడు. నేను దాన్ని ఉత్త పిచ్చాపాటీ అనుకుని, అది అయ్యేదాకా ఫోను చూసుకునేవాణ్ణి. చివర్లో నా ప్రశ్నలన్నీ చదివి వినిపిస్తే చాచా మొహం చిట్లించాడు.

“అవ్ అనేటట్టు అడుగుతున్నవ్. గట్ల అడిగితే అవ్ అనే అంటరు.”

మెషీనుకు అవును, కాదు అయితేనే సులువు చాచా అని సర్దిచెప్పాను. సదువుకున్నోడివి నీ ఇష్టం అన్నాడు.

మొదటి పరీక్షకు పినపాక అవతల, అడవి అంచునున్న తండాకు వెళ్ళాను. కమ్లి అనే ఆమె ఎకరం మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయంటే ఆమె చేనునే ఎంచుకున్నాను. చేను గట్టున నిలబడి ఒక్కో ప్రశ్నా చదివాను. ఆకులు పైకి ముడుచుకున్నాయా? అవ్ సారూ. ఆకు కింద సన్న పురుగులున్నాయా? అవ్ సారూ. చేను దాకా వచ్చిన ఆఫీసరు మాటకు కాదనడం అక్కడ మర్యాద కాదు. నేను వంగి ఒక్క ఆకైనా తిప్పి చూడలేదు. తామర పురుగు అని తేల్చింది సిస్టమ్, మందు పేరు కూడా చెప్పింది. ఎంత సంబరపడ్డానో! తిరుగు దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

పది రోజులకు, నేను చాచా దుకాణంలో ఉండగానే, కమ్లి ఒక మొక్కను వేళ్ళతో సహా పీక్కొని అక్కడికొచ్చింది. ఆకులు తాళ్ళలాగా సన్నగా మెలితిరిగి ఉన్నాయి. చాచా ఆమెకు చాయ్ ఇప్పించి, తాగేదాకా ఆగి, ఎవరి పంపు తెచ్చినవమ్మా అని అడిగాడు. తండా మొత్తానికి మందు కొట్టే పంపు ఒక్కటే, ఇల్లిల్లూ తిరుగుతుందని చెప్పింది. ఆమె కంటే ముందు వరి చేనుకు గడ్డిమందు కొట్టినవాళ్ళు దాన్ని సబ్బుతో కడగలేదు. నేను పోకముందే ఆమె ఆ పంపుతో ఒకసారి పురుగుమందు కొట్టింది, మొదటిసారి ఆకులు మెలిపడింది అందులో మిగిలిన గడ్డిమందుకే. నా సిస్టమ్ చెప్పిందని అదే పంపుతో ఆమె మళ్ళీ కొట్టింది. మొదటి దెబ్బకు తేరుకునే చేను రెండో దెబ్బకు చచ్చింది.

ముగ్గురం చేనుకు పోయాం. ఎందుకట్ల చెప్పిందో దాన్ని అడుగు అన్నాడు చాచా. బటన్ నొక్కితే వరసగా, ఎంతో శుభ్రంగా, కారణాలన్నీ చూపించింది. అన్నీ కమ్లి అన్న అవ్‌లే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

“మీరడిగినయన్నీ చెప్పిన గద సారూ. పంపు సంగతి అడిగితే గది గూడ చెప్పేదాన్ని” అంది.

 తిరిగొచ్చేటప్పుడు చాచా నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నేను గూడ నీకు చెప్పలే బేటా. రోజూ అడిగేదే గద, గది గూడ విద్దెనే అని నాకే తెల్వదు” అన్నాడు.

ఆ ఏడు కమ్లి చేను దున్నేసి, మా సొంతూరు ఎర్రుపాలెం వైపు మిరపకాయలు ఏరే కూలికి పోయింది. ఏదో పని మీద ఊరికి పోతూ ఎవరి చేలోనో వంగి ఉన్న ఆడవాళ్ళను చూశాను. ఆమె ఉందేమోనని బండి ఆపలేదు. నాకు అంత ధైర్యం లేదు. తర్వాత ప్రశ్నలన్నీ తిరగరాశాను, మొదటిది చాచా ప్రశ్న. ఆ సిస్టమే ఇప్పటి మా ఆప్.

ఇప్పుడు మేనేజరుకు జవాబు రాయాలి. కొత్త ఏఐ ఫొటో చూసి క్షణంలో చెప్పేస్తుంది, ఏమీ అడగదు. అదే కావాలంటున్నారు అందరూ. వాదించి వాదించి అలసిపోయాను. అయినా మా ఆప్ తెరిచి చూసుకున్నాను. ‘మందు కొట్టడానికి ఎవరి పంపు తెచ్చారు? అంతకుముందు దానితో ఏం కొట్టారు?’ ప్రతి ప్రశ్న కిందా ‘ఎందుకు?’ అనే బటన్ ఉంటుంది. ప్రశ్నలు తిరగరాసినప్పుడు దాని వెనక నేను రాసిన కారణం ఇన్నేళ్ళలో ఎవరూ నొక్కి చూసినట్టు లేరు. నేనే నొక్కాను.

‘ఒకసారి అడగలేదు కాబట్టి.’

దాన్నే కాపీ చేసి మేనేజరుకు పంపాను.